శ్రావణంలో ఖాళీ చేస్తానన్న వాటా

శ్రీకాకుళంలో అద్దె పెంచమన్న ఓనరమ్మ నోరు ఒక్క మాటతో మూయించిన మొనగాణ్ణి నేను. ఆ మాటకు ఆవిడ చేతిలో చీపురు జారిపోయింది. వీధి వీధంతా నన్ను చూడ్డానికి వచ్చింది.

వీధి రాలేదు. ఎదురింటి కోడిపెట్ట వచ్చింది. చీపురు కూడా జారలేదు, ఊడ్వడం అయిపోయి ఆవిడే గోడకు ఆనించింది.

పద్దెనిమిదేళ్లు ఆ ఇంటి వెనక వాటాలో ఉన్నాం. జ్యేష్ఠం చివర ఒక ఉదయం ఓనరమ్మ, "అన్నయ్యా, ఒచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి ఎయ్యాలి. ఏటనుకోకు, ఇంటిపన్ను పెరిగిపోనాది" అంది.

ఇవ్వలేనిది కాదు. అడగ్గానే తలూపితే పరువేముంటుందని, "ఎచ్చెర్లలో మాకో ఇల్లు రెడీగా ఉన్నాదమ్మా. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆగినాం. శ్రావణం రానీ" అన్నాను. ఎచ్చెర్లలో నాకు తెలిసిన గడప ఒక్కటీ లేదు. నెల గడిస్తే ఆవిడే దిగివస్తుందనుకున్నాను.

శ్రావణం వచ్చింది. ఓనరమ్మ కొత్త స్టీలు గిన్నెకు పసుపు రాసి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. "కొత్తింట్లో పాలు పొంగించుకో వదినా" అంది. నా మాట నిజమని నమ్మేసింది. ఆ గిన్నె చూశాక అబద్ధమాడానని ఎలా చెప్పను? వారం రోజులు కాళ్లరిగేలా తిరిగి ఈ మేడ మీది వాటా పట్టాను. అద్దె ఆవిడ అడిగినదానికంటే ఎక్కువ.

ఇక్కడ గాలి బాగా వస్తుంది, కాదనను. కానీ ఆ ఇంట్లో కిటికీ పక్కన నా కుర్చీ కాళ్ల కింద గచ్చు అరిగి నాలుగు గుంటలు పడ్డాయి. కుర్చీ వాటిలో దిగితే ఇక కదిలేది కాదు. ఇక్కడ ఎక్కడ వేసినా జరిగిపోతోంది. అక్కడ ఓనరమ్మ చారు తాలింపు గోడ దాటి వస్తే నాకు ఆకలేసేది. ఇప్పుడు గడియారం చూసి తింటున్నాను.

ఇంతవరకు రాసి, ఓనరమ్మే మమ్మల్ని మర్యాదగా సాగనంపిందని ముగించి, మా ఆవిడకు చదివి వినిపించాను. నా మేనమామ కూతురే, ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది.

"సాగనంపడమేటి బావా? సామాను వ్యానుకెక్కించినప్పుడు, పాత అద్దెకే ఉండిపో అన్నయ్యా అని నీ సెయ్యట్టుకుని ఏడ్సింది ఆ మనిషి. నువ్వే ఇదిలించుకుని ఎక్కీసినావు. అది రాయి."