సీడీ కవరుకు నాలుగు వేళ్ల అంచు

కాక పోయాడని మొన్న పొద్దున తెలిసింది. దుకాణం షట్టరు సగం ఎత్తి, తాళం చెవి పంట కరుచుకుని నిలబడ్డాను. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన రోడ్డు దాటి వచ్చి, "అక్కా, కాక పోయిండు. తెల్లారంగ నిద్రలనే" అన్నాడు. షట్టరు చేతిలోంచి జారి దబ్బున కింద పడింది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. కిందటి సాయంత్రమే నాతో తగాదా పెట్టుకుని వెళ్లాడు ఆ మనిషి. తగాదా తేలకుండా ఎట్లా పోతాడు?

కాక అంటే మా దిక్కు చిన్నాయన. మాకు చుట్టరికం ఏమీ లేదు. లక్సెట్టిపేటలో ఆయన ఫోటో స్టూడియో, నా పెళ్లికార్డుల దుకాణం ఒకే గోడకు అటూ ఇటూ. ఆయన పెళ్లిళ్లకు వీడియో తీసి సీడీలు చేసేవాడు. ఆ సీడీలకు పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల బొమ్మలతో కవర్లు నేను వేసి ఇచ్చేదాన్ని. ఇరవై ఏళ్ల పైన మా ఇద్దరికీ ఒకటే గొడవ, సీడీని దేంట్లో పెట్టాలన్నది.

నవ్వకండి. ఇప్పుడు పెళ్లి మొత్తం ఫోనులోకి వచ్చేస్తోంది కాబట్టి ఇది పనిలేనివాళ్ల గొడవలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో సీడీ పోతే పెళ్లి పోయినట్టే. కాక గట్టి డబ్బా మనిషి. అద్దంలా ఉండి పుస్తకంలా తెరుచుకునే ప్లాస్టిక్ డబ్బా ఉంటుందే, అది. "గిండ్ల వెట్టినంక మీద కుర్చీ ఏసుకొని కూసున్నా సీడీకి ఏం గాదు" అనేవాడు. ఒక్కసారి చేయి జారితే దాని మడత విరుగుతుందని, నడుమ పళ్లు ఊడి సీడీ లోపల గలగలలాడుతుందని నేను. కాగితం కవరు చవక, తేలిక, పోస్టులో పంపొచ్చు అని నేనంటే, ఇసుక రేణువు ఒక్కటి దూరినా తీసినప్పుడల్లా ఒక గీత పడుతుందని ఆయన. మెత్తటి ప్లాస్టిక్ కవరైతే మా ఎండలకు చెమట పట్టిన చొక్కాలా సీడీకి అతుక్కుంటుంది. అది తెలిసీ తన దుకాణం కాపీలన్నీ అందులోనే పెట్టుకునేవాడు. అడిగితే, "గన్ని డబ్బలకు జాగ యాడిది బిడ్డా" అనేవాడు.

నేను అమ్మేది ఎర్ర మఖ్మల్ పెట్టె. పైన బంగారు దారం, లోపల నడుమ ఒక బుడిపె. సీడీ దాని మీద బిగుసుకుని కూర్చుంటుంది. చూసినవాళ్లు వదిలేవాళ్లు కాదు. కాకకు దాన్ని చూస్తేనే ఒళ్లు మంట. "గా బుడిపె సీడీని ఇడువది. గుంజినప్పుడల్లా నడుమ వంగుతది. ఏదో ఒకనాడు పగులుతది, రాసి పెట్టుకో" అని నా గిరాకీ ముందే అనేవాడు. "నీ డబ్బల నువ్వు అమ్ముకో కాకా, నా పెట్టెల జోలికి రాకు" అనేదాన్ని. అట్లా మాట్లాడుకుంటూనే ఒకరి టీ ఒకరం తాగేవాళ్లం.

ఆయనది ఇంకో మొండితనం. పెళ్లి తంతుకు పాటలు కలిపి, ముక్కలు కోసి అందంగా చేసేవాడు. భోజనాల బంతిని మాత్రం తీసింది తీసినట్టే వదిలేసేవాడు. వాళ్ల అసలు మాటలు, వెనక గిన్నెల చప్పుడు, మూలన కెమెరా వేసే తేదీ, గడియారం, అన్నీ అట్లాగే. పెళ్లివాళ్లు విసుక్కునేవాళ్లు. "తినేటప్పుడు పాటలెందుకు? ఎవలేం మాట్లాడుకున్నరో గదే ఉండనియ్యిండ్రి" అనేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. పదిహేనేళ్ల కిందటి మాట. మా తమ్ముడు ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో పత్తి తూకం దగ్గర పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం ఒకటిన్నర వేళ ఆ మిల్లు గేటు దగ్గర కొట్లాట జరిగి ఒకాయన తల పగిలింది. కేసులో రాసిన పేర్లలో మా వాడిదీ ఉంది. నిజానికి ఆ వేళకు వాడు నాలుగు గంటల బస్సు దూరంలో, మా మేనమామ కూతురి పెళ్లిలో, బంతిలో పప్పు వడ్డిస్తున్నాడు. చూసినవాళ్లు రెండు వందల మంది. అందరూ మా చుట్టాలే. చుట్టాల సాక్ష్యం నిలబడదని, వాడికి ఏళ్లకేళ్లు జైలు పడొచ్చని మా వకీలు మొహం మీదే చెప్పాడు. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ అన్నం ముట్టడం మానేసింది.

ఆ పెళ్లికి వీడియో తీసింది కాక. చేసిన సీడీలు మూడు. గట్టి డబ్బాలో ఒకటి మా మేనమామకు, నా మఖ్మల్ పెట్టెలో ఒకటి ఆసిఫాబాద్ వియ్యంకులకు, ప్లాస్టిక్ కవరులో ఒకటి తనకు. తీసిన టేపు మీద మరుసటి వారమే ఇంకో పెళ్లి ఎక్కింది, అందరూ చేసే పనే. మేనమామ సీడీని కాక స్వయంగా కోర్టులో అప్పజెప్పాడు. దానికి కొత్త డబ్బా వేసి, పైన పేరు రాసి, పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు. అప్పుడే ఇంకో నకలు తీసి పెట్టుకోవాల్సింది. ఇంకా రెండున్నాయి కదా అని ఊరుకున్నాం.

కొన్ని నెలలకు ఆ సీడీ వేసి చూసే వాయిదా వచ్చింది. కోర్టు గుమాస్తా కాగితాల కట్ట విప్పాడు. డబ్బా లేదు. కట్టలో డబ్బా ఇమడక, పైన అట్ట మూసుకోక, ఆయన సీడీని బయటికి తీసి మామూలు కాగితం కవరులో పెట్టాడు. కట్టలోని కాగితాలన్నిటినీ కుట్టినట్టే దాన్నీ దబ్బనంతో కుట్టేశాడు. సీడీ అంచుకు దగ్గరగా రెండు బొక్కలు. వాటిలోంచి తెల్ల దారం. జడ్జి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకొకటి ఉంటే పదిహేను రోజుల్లో తెమ్మన్నారు.

బయట వరండాలో కాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నా డబ్బనే ముంచింది బిడ్డా" అన్నాడు. ఓదార్చాల్సింది పోయి, "ఇన్నేండ్లు డబ్బ డబ్బ అని సావగొట్టినవ్ గదా, ఇప్పుడేమంటవ్?" అని నలుగురిలో అరిచాను. ఆయన తల ఎత్తలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

మర్నాడే ఆసిఫాబాద్ వెళ్లి నా మఖ్మల్ పెట్టె తెచ్చాను. కాక కిటికీ దగ్గర నిలబడి సీడీని వెలుతురుకు పెట్టి చూశాడు. నడిమి రంధ్రం చుట్టూ వెంట్రుకల్లా మూడు పగుళ్లు. కొత్త కోడలి పెళ్లి కదా, వచ్చినవాళ్లందరికీ వేసి చూపించారు, తీసినప్పుడల్లా గుంజారు. "తిప్పితే మిషన్ల ముక్కలైతది. దీన్ని పెట్టద్దు" అని పక్కన పెట్టాడు. అంతే. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా పెట్టె వైపు నేను చూడలేకపోయాను.

ఇక మిగిలింది ప్లాస్టిక్ కవరులో ఉన్నది. రేకుల కప్పు కింద రెండు ఎండాకాలాలు గడిపిన కవరు. అనుకున్నట్టే రెండు వైపులా అతుక్కుని ఉంది. కాక బల్ల మీద అద్దం పలక వేసి, దాని మీద సీడీని పెట్టి, సగం బ్లేడు తీసుకున్నాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్యాను గాలికి చేయి కదులుతుందని కాక దాన్ని ఆపేయించాడు.

"మెరిసే దిక్కు గీత వడ్డా రుద్దుకుంటం బిడ్డా. పేరు రాసే దిక్కే దాని పానం. గా పొర లేచిందంటే బొమ్మ లేచినట్టే" అన్నాడు, నాకో తనకో.

మూడు పక్కలా కవరు కోశాడు. మెరిసే వైపు ప్లాస్టిక్‌ను సీడీ నుంచి లాగుతున్నాడు తప్ప సీడీని కదలనివ్వలేదు. అరగంట పట్టింది. ఆ వైపు వచ్చేసింది. తిప్పి రెండో వైపు మూల పట్టి లేపాడు. ఆవగింజంత వెండి రేకు ప్లాస్టిక్‌తో పాటే లేచి వచ్చింది. కాక చేయి అక్కడే ఆగిపోయింది. భోజనాలు వీడియో చివర ఉన్నాయి. చివరంటే సీడీలో బయటి అంచు. రేకు ఊడింది ఆ అంచు దగ్గరే.

తమ్ముడు, "పోయిందా కాకా?" అని అడిగాడు.

కాక బ్లేడు పెట్టేసి కత్తెర తీసుకున్నాడు. "ఇంక తియ్య. ఉండనీ" అన్నాడు. పైన అతికిన ప్లాస్టిక్‌ను అట్లాగే వదిలేసి, సీడీ చుట్టూ గుండ్రంగా కత్తిరించాడు. నడుమ రంధ్రం మేరకు బ్లేడుతో కోశాడు. ఆ ప్లాస్టిక్ చొక్కాతోనే దాన్ని కంప్యూటర్లో పెట్టి, అన్నిటికన్నా మెల్లగా తిరిగేట్టు చేశాడు. అది రాయి నమిలినట్టు శబ్దం చేసింది. నకలు నూటికి తొంభై వంతుల దాకా వచ్చి ఆగింది. మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. కాక పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు. చివరికి నకలు ఎక్కింది. వేసి చూస్తే బొమ్మ ఒక చోట గళ్లుగళ్లుగా విడిపోయి, మళ్లీ కుదురుకుంది. బంతి కనిపించింది. బకెట్ పట్టుకున్న పచ్చ చొక్కా వీపు, మూలన తేదీ, గంట, నిమిషం. నేను అంతే చూశాను. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగి ఏమీ కనపడలేదు.

నకళ్లు నాలుగు చేశాక కాక చేసిన పని చెప్పాలి. నాకైతే ఆ గుమాస్తాతో పెద్ద జగడం పెట్టుకోవాలని ఉంది. కాక నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు, నోరు విప్పొద్దని ముందే ఒట్టు వేయించుకుని. గుమాస్తా మమ్మల్ని చూసి బిగుసుకున్నాడు.

"సారూ, తప్పు నాది. డబ్బ ఫైలుల పట్టదని నేను సోంచాయించలే. మీరు సూది యాడ దింపుతరు? జర జూపెట్టుండ్రి" అన్నాడు కాక.

ఆయన తిట్లకు సిద్ధపడి ఉన్నాడు. ఈ ప్రశ్నకు మెత్తబడి, ఒక కట్ట తీసి చూపించాడు. "గీ ఎడమ దిక్కు, నాలుగు వేళ్ల లోపల. రోజుకు ముప్పై కుడుత కాకా, లోపలేమున్నదో జూసే టైముంటదా" అన్నాడు. కాక తన నాలుగు వేళ్లూ అక్కడ ఆనించి కొలత తీసుకున్నాడు. దుకాణానికి వచ్చి నా పెళ్లికార్డుల దళసరి అట్ట అడిగాడు. మడిచి, లోపల మెత్తటి కాగితం వేసి, సీడీకి అవతల ఎడమ వైపు నాలుగు వేళ్ల ఖాళీ అంచు వదిలి అతికించాడు. అంచు మీద ఎర్ర సిరాతో "ఇక్కడ కుట్టండి" అని రాశాడు. సీడీ ఉన్న చోట గుండ్రంగా గీసి "ఇక్కడ వద్దు" అని రాశాడు. "గట్టిగుంటె సాలదు బిడ్డా. ఎవలి చేతుల వడ్తదో సోంచాయించాలె" అన్నాడు. ఆ రోజు నుంచి గట్టి డబ్బా గొప్పలు చెప్పడం మానేశాడు. నేను మఖ్మల్ పెట్టెలు తెప్పించడం మానేశాను.

చనిపోయే ముందు రోజు మా తగాదా కూడా దీని గురించే. తన స్టూడియోలో మిగిలిపోయిన పాత సీడీలకు అలాంటి అట్ట కవర్లు కోసి ఇమ్మన్నాడు. "ఇంకెవలు జూస్తరు కాకా, పారెయ్యి" అన్నాను. "ఎవలకు ఎప్పుడు పనిబడ్తదో నీకెర్కనా?" అని విసురుగా వెళ్లిపోయాడు. మా ఇంటికే ఒకప్పుడు పనిబడిందని ఆయన గుర్తు చేయలేదు. నాకు గుర్తు రాలేదు. దానికే నా మీద నాకు అసహ్యం వేస్తోంది. మొన్నటి నుంచి కూర్చుని ఆ కవర్లు కోస్తున్నాను.

ఆ కేసు ఏమైందో చెప్పడం మిగిలింది. కోర్టు వాయిదా నాడు టీవీ, ప్లేయరూ కాకే మోసుకొచ్చాడు. గుమాస్తా అంచు మీద కుట్టిన కవరు తెరిచి సీడీ తీసి ఇచ్చాడు. దాని మీద ఒక్క గీత లేదు. తమ్ముడు బోనులో తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగేలా. బంతి వచ్చింది. పచ్చ చొక్కా వీపు వచ్చింది. గంట ఒకటిన్నర. వాడు వడ్డిస్తున్నాడు, వంగుతున్నాడు, ముందుకు పోతున్నాడు, ఇటు తిరగడు. ప్రభుత్వ వకీలు లేచి, పచ్చ చొక్కాలు ఊళ్లో వంద ఉంటాయని, వీపు చూసి మనిషిని ఎట్లా పోల్చుకుంటామని అన్నాడు. జడ్జి గారు కలం కింద పెట్టారు.

అప్పుడు టీవీలోంచి, గిన్నెల చప్పుడు మధ్య, కెమెరా వెనక నుంచి కాక గొంతు వినిపించింది. "తమ్మీ, జర ఇటు సూడు."

బంతిలో ఉన్న మా తమ్ముడు బకెట్ పట్టుకునే వెనక్కి తిరిగి, తలెత్తి నవ్వాడు. అదే పిలుపుకు, బోనులో ఉన్న మా తమ్ముడు కూడా ఉలిక్కిపడి తలెత్తాడు. జడ్జి గారు ఆ మొహం చూశారు, ఈ మొహం చూశారు, కలం తీసుకుని రాసుకున్నారు. కేసు కొట్టేసినప్పుడు తీర్పులో ఆ రెండు మొహాలూ ఒక్కటేనన్న మాట ఉంది. ఆ క్షణంలో కాక మాత్రం రిమోటు పట్టుకుని, నోరు మూసుకుని, తన గొంతుకు తలెత్తిన ఇద్దరు తమ్ముళ్ల మధ్య ఎటు చూడాలో తెలియక నిలబడి ఉన్నాడు.