లీలండ్ రాయని చలానా

మే నెల వచ్చిందంటే మా ఓక్లహోమా మట్టిరోడ్ల మీద సుడిగాలి వెంట పడేవాళ్ల గోల మొదలవుతుంది. ఎక్కడెక్కడి నంబరు ప్లేట్లతోనో దిగుతారు. నడిరోడ్డున కార్లు ఆపి, తలుపులు బార్లా తెరిచి, మబ్బుల్ని వీడియో తీసుకుంటారు. వాళ్లని చూస్తే మా బావ లీలండ్ టకెట్‌కి ఒళ్లు మంట.

బావ మా కౌంటీ పోలీసుల్లో డిప్యూటీ. ఇరవై రెండేళ్ల సర్వీసు. బయటివాడు వేగం కాస్త మీరినా వదిలేవాడు కాదు. "తుఫాను ఊరికే చూపిస్తామనుకున్నావా నాయనా? ఇదిగో టికెట్టు" అని చలానా చేతిలో పెట్టేవాడు. కాఫీ హోటల్లో ఈ మాట చెప్పుకుని ఊరంతా నవ్వేది. నేనూ నవ్వాను.

ఊళ్లోవాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం బావ చెయ్యి ఆగిపోయేది. వెండెల్ క్రౌచ్ బావకి చిన్ననాటి స్నేహితుడు. సుడిగాలి ఎటు పోతోందో చూసి రేడియోలో చెప్పే వాలంటీరు. వాడి ట్రక్కు మీద పసుపు దీపం ఉండేది. అది వెలిగితే స్టాప్ బోర్డు దగ్గర ఆగక్కర్లేదని వాడి నమ్మకం. చట్టంలో అలాంటిదేమీ లేదు. బావ వాణ్ని మూడుసార్లు ఆపాడు.

"ఒరేయ్ వెండెల్, అది దీపంరా, కిరీటం కాదు."

"నేను పరిగెత్తేది మీ ఇళ్లు కాపాడ్డానికే కదరా!"

"సరే, పో. ఈసారి మాత్రం రాసేస్తా."

మూడోసారీ అదే మాట చెప్పి వదిలేశాడు.

పోయిన మేలో, బావ భార్య, అంటే మా అక్క నోర్మా, బడిలో వంట ముగించుకుని ఇంటికొస్తోంది. వెండెల్ పసుపు దీపం వేసుకుని, కూడలిలో స్టాప్ బోర్డు దాటేసి, ఆమె కారుని గుద్దాడు. అక్క అక్కడికక్కడే పోయింది. వాడు వెంటపడ్డ ఆ మబ్బు మాత్రం ఒక్క ఇంటి రేకైనా లేపకుండా విడిపోయింది.

కోర్టులో వెండెల్ లాయరు అడిగాడు.

"డిప్యూటీ గారూ, ఇతనికి ఇంతకుముందు ఎన్ని చలానాలు రాశారు?"

"మూడుసార్లు ఆపానండి."

"ఎన్ని రాశారని అడుగుతున్నాను."

"ఒక్కటీ లేదు" అన్నాడు బావ.

ఒక్క చలానా కూడా లేదు కాబట్టి మచ్చలేని మనిషని కోర్టు తేల్చింది. జరిమానాతో, ఆర్నెల్ల లైసెన్సు రద్దుతో వెండెల్ బయటపడ్డాడు.

నిన్న అదే కూడలిలో బావ నన్ను ఆపాడు. స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపలేదట.

"బావా, నేనే."

"తెలుసు" అంటూ తలెత్తకుండా రాసిచ్చాడు.

నాకు కోపం రాలేదు. బండిలో కూర్చుని ఏడ్చాను. ఈ కాగితం ముక్క ఒక్కసారి ఆ వెధవ చేతిలో పెట్టి ఉంటే మా అక్క ఉండేది.