అత్త కోసం ఆగని మగ్గాలు

మొన్న మా చిన్నమ్మాయి సమాజశాస్త్రం పరీక్షకు చదువుకుంటోంది. ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే వాటిని సామాజిక నియమాలంటారని, తప్పినవాళ్లకు సమాజం శిక్ష వేస్తుందని ఎక్కాల్లాగా వల్లె వేసింది. "పప్పా, లౌకర్ ఒక ఉదాహరణ చెప్పు, రాసుకుంట" అని తొందరపెట్టింది. పెద్దలకు నమస్కారం పెట్టడం అని రాసుకోమన్నాను. పిల్లకు మార్కులు రావాలి కదా. నాకు తోచిన ఉదాహరణ వేరు.

మరాఠీవాళ్ల ఊరికి వలసొచ్చిన మా తెలుగు నేతవాళ్ల పేట నీలం నగర్‌లో మా గల్లీ నిండా పవర్‌లూమ్ మగ్గాలే. ఆ చప్పుడులో మామూలు మాటలు కూడా కేకలేసి చెప్పుకునేవాళ్లం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకునేవారు. గల్లీలో ఎవరైనా చనిపోతే మాత్రం శవం లేచేదాకా ప్రతి ఇంట్లో మగ్గం ఆగాలి. ఏ కులపెద్దా చాటింపు వేసింది లేదు. పగవాడు పోయినా ఆపేవారు. అందుకే పట్టపగలు కరెంటు పోయి మగ్గాలు ఆగితే అందరూ వాకిళ్లలోకి వచ్చేవారు. మా మేనత్త బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, "ఎవలన్న సచ్చిండ్రా, ఉత్త కరెంటేనా?" అని అరిచేది. ఉత్త కరెంటేనని తెలిస్తే కాస్త నిరాశపడేది.

అత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చింది. అమ్మ కండెలకు నూలు చుట్టే పనిలో ఉంటే నాకు అన్నం తినిపించి పెంచింది ఆమే. నాకు పదిహేనేళ్లప్పుడు, మగ్గాలు బాగుచేసే ఒక మరాఠీ ఆయనతో గల్లీ చివరి గదిలో కాపురం పెట్టింది. కులపెద్దలు కూర్చున్నారు. ఆమెతో మాట బంద్, మంచినీళ్లు బంద్. రోజూ తాగొచ్చి పెళ్లాన్ని చితకబాదే పెద్దమనిషి కూడా ఆ తీర్పుకు తలూపాడు. ఆయనకు ఏ నియమమూ అడ్డురాలేదు. అయిదేళ్లు నాయన ఆ గది వైపు చూడకుండా నడిచాడు. నేనూ అలాగే నడిచాను.

ఎనభైల చివర ఒక ఎండాకాలం పొద్దున అత్త ఆయాసంతో పోయింది. ఆ మరాఠీ ఆయన మా వాకిట్లోకి వచ్చి, ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగులో, "దాదా, నేను పోతే అన్న మగ్గం బంద్ జేస్తడా అని అడిగింది. ఇంకేం అడగలే" అన్నాడు. నాయన మగ్గం వైపు తిరిగాడు. ఎదురింటాయన నాయన వైపు చూసి, "సొంత అన్ననే బంద్ జెయ్యలే, మనకేంది?" అంటూ లోపలికి పోయాడు. నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది. "నాయినా, బంద్ జెయ్యాల్నా?" అన్నాను. "నడువనియ్" అన్నాడు ముఖం తిప్పకుండా. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఒక స్విచ్చు నొక్కడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నొక్కలేదు. కరెంటు పోతే బాగుండునని మాత్రం మొక్కుకున్నాను. రోజుకు మూడుసార్లు పోయే కరెంటు ఆ రోజు ఒక్క నిమిషం కూడా పోలేదు. నలుగురు మరాఠీవాళ్లు ఆమెను మోసుకెళ్తుంటే గల్లీ గల్లీ అంతా దుప్పట్లు నేస్తూ ఉండిపోయింది.

తర్వాత నాయన పోయిన రోజు ఒక్క మగ్గం ఆడలేదు. ఎంత మర్యాద చేశారో అని చుట్టాలు మురిసిపోయారు. నాకు ఒళ్లు మండింది. అంత నిశ్శబ్దం ఆయనకు ఎక్కువేననిపించింది, కన్న కొడుకునై ఉండీ.

ఇప్పుడు గిట్టుబాటు కాక అందరూ మగ్గాలు తుక్కు కింద అమ్ముకున్నారు. ఎవరూ చావకుండానే అన్నీ ఆగిపోయాయి. ఆగవలసిన ఆ ఒక్క పూట మాత్రం ఆడుతూనే గడిచిపోయింది.