నీళ్లు తేరేదాకా

మా పెద్దనాయన మొన్న మంగళవారం పొద్దున పోయాడు. తిమ్మాజిపేట అవతల మా ఊరి చెరువుకు ఆయన నీరటి. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూడటమే ఆయన బతుకంతా చేసిన పని. చెరువు మాట ఎత్తకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

తూముకు మూడు కన్నులు, మూడింటికీ కర్ర బిరడాలు. పై రెండూ తీస్తే తేటనీళ్లు పోతాయి. అడుగుది తీస్తే ఏళ్లకేళ్లు పేరుకున్న ఒండ్రు, కుళ్లు కదులుతాయి. చెరువు తగ్గించాల్సి వస్తే పెద్దనాయన రోజుకు జానెడు కంటే ఎక్కువ దించేవాడు కాదు. అడుగు బిరడా ముట్టే ముందు వాగు వెంట కింది పల్లెకు తానే నడిచిపోయి, కుండలు నింపుకొమ్మని, పశువులను వాగుకు తోలొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చేవాడు. ఆ తర్వాత బిరడా బొటనవేలంత ఎత్తి, వచ్చిన నీళ్లు పుడిసిలి పట్టి నోట్లో పోసుకునేవాడు. పంటి కింద గరుకు తగిలిందా, ఉమ్మేసి మళ్లీ మూసేవాడు. అన్నం కంటే బురదే ఎక్కువ తిన్నావని పెద్దమ్మ తిట్టేది. నీళ్లకు తొందరుండదే, తొందరంతా మనకే అని నవ్వేవాడు.

ఒక ఎండాకాలం తూము గోడ పగిలింది. మరమ్మతుకని తాలూకా నుంచి ఒక అధికారి వచ్చి కట్ట మీద డేరా వేయించుకున్నాడు. పెద్దనాయన చేతులు కట్టుకుని పది రోజులు గడువు అడిగాడు. రేపటికి చెరువు అడుగు కనబడాలన్నాడు అధికారి.

"కింద పల్లె ఉన్నది దొరా, వాగు నీళ్లే తాగుతరు. జర చెప్పి వస్త."

పోనివ్వలేదు. నన్నూ పోనివ్వలేదు. జవాన్లు నెత్తిన నిలబడితే, మేమిద్దరమే మోకు పట్టి అడుగు బిరడా లాగాం. ఊళ్లో సంగతి తెలిసి ఒక మనిషి పల్లెకు పరుగెత్తేసరికి, అతని కంటే ముందు నీళ్లే చేరాయి.

నల్లటి నీళ్లు. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చేపలు వెల్లకిలా తేలిపోయాయి, వాగు ఇసుకలో తవ్వుకున్న పల్లె చెలిమెలన్నీ పూడిపోయాయి. పెద్దనాయన ఒక్కగానొక్క బిడ్డను ఇచ్చింది ఆ పల్లెకే. ఆ అక్క కొడుక్కి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బండి కట్టి నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే, తల్లి ఒళ్లోనే పోయాడు. మేం ఏం చేయగలిగాం? పక్కన నడిచాం, అంతే.

"ఎప్పుడూ చెప్పి తెరుస్తవు గద నాయనా," అన్నది అక్క. మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు.

ఆయన కూడా మళ్లీ బిరడా ముట్టలేదు. తాగే నీళ్లు చెంబులో పోసి ఎదురుగా పెట్టుకుని, తేరనీ, తేరనీ అంటూ కూర్చునేవాడు. బావి నీళ్లే పెద్దనాయనా, తేటగానే ఉన్నాయి అంటే వినేవాడు కాదు. ఒక్కోసారి పొద్దంతా దప్పికతోనే ఉండేవాడు. నాకు కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆయన పోయిన మంగళవారం అక్క వచ్చింది. తండ్రికి ఆఖరి స్నానం పోయడానికి తమ వాగు చెలిమె నుంచి కడవ నిండా నీళ్లు మోసుకొచ్చింది. అంత దూరం కదిలి కదిలి నీళ్లు మసకబారాయి. పొద్దెక్కుతోంది, కానివ్వమని పెద్దలు తొందర చేశారు. అక్క కడవను ఆయన తల పక్కన దించి, దాని అంచు మీద చెయ్యి వేసింది.

"జర ఆగుండ్రి. తేరనీయుండ్రి."

చుట్టూ కూర్చుని, కడవలోకి చూస్తూ ఉన్నాం.