పెళ్లికూతురి గౌను

ఇవానిల్దోకి ఇరవై రెండేళ్లు. కంపీనా గ్రాంజీ ఊరి బజారులో క్షవరం చేస్తాడు. కత్తెరకంటే నోరే జోరుగా ఆడుతుంది. అద్దం కనబడితే చాలు, పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. మగవాళ్లను ఇష్టపడే తనలాంటి కుర్రాళ్లు చేరే డాన్సు హాల్లో చూపులన్నీ సన్నటి నడుముల మీదేనని వాడి బెంగ. ఈ జూన్ పండుగకు ఉత్తుత్తి పెళ్లి ఆడే నాట్యపోటీలో పెళ్లికూతురి వేషం తనకే దక్కడంతో ఎగిరి గంతేశాడు. ఆ రోజు నుంచే ఆకలి చంపే మాత్రలు మొదలుపెట్టాడు. నిద్ర పోయింది, బుగ్గలు పీక్కుపోయాయి, హుషారు మాత్రం రెట్టింపైంది.

గౌను కొలతకు నిలబెట్టి, దర్జీ ఒదేతీ వాడి ఛాతీమీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. "గుండె ఇలా దడదడలాడుతోందేంట్రా? ఏం మింగుతున్నావ్?"

"బరువు తగ్గే మాత్రలే అత్తా. లావుగా ఉంటే నన్నెవడు చూస్తాడు?"

పెళ్లికొడుకు వేషం వేసే జెనివాల్ గుమ్మంలోంచి అరిచాడు: "నేను చూస్తున్నానుగా, మొద్దూ! మొన్న ఆడుతూ ఆడుతూ నువ్వు తూలిపోతుంటే నా ప్రాణాలు పోయాయి!"

ఇవానిల్దో చెవులదాకా ఎర్రబడి, జేబులోని మాత్రలు తీసి ఒదేతీ చేతిలో పెట్టాడు. ఆమె వాడిని అప్పుడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. తిరిగొచ్చాక గౌను కుట్లు విప్పి వదులు చేసింది.

పోటీనాడు అకార్డియన్ హోరులో జెనివాల్ వాడిని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. "పెళ్లికూతురు మహా బరువురోయ్!" అని జనంలోంచి ఎవడో కేక వేశాడు.

"అందుకే రెండు చేతులా పట్టుకున్నా!" అన్నాడు జెనివాల్, దించకుండానే.