ప్రశ్నార్థకం తర్వాతి పేరు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, హైదరాబాదులో ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాసే మా మేనకోడలు, సంఘం వాట్సాప్ గుంపులోకి ఒక పాట లింకు పంపబోతూ, అది ఫోను తెర మీద వరుసలు వరుసలుగా పాకిపోతూ ఉంటే విసుక్కుని, ప్రశ్నార్థకం దగ్గర వేలు పెట్టి అక్కడి నుంచి చివరిదాకా చెరిపేసింది. "ఇదంతా చెత్తేలే మావయ్యా, తీసేసినా తెరుచుకుంటుంది," అంది. నిజంగానే తెరుచుకుంది, పాట వచ్చింది, చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొంతు కలిపారు. నేను మాత్రం టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఇంచుమించు అదే మాట ఒకప్పుడు నేనూ అన్నాను, అంత ధీమాగానూ అన్నాను. కాకపోతే నేను చెరిపేసిన చోట ఒక మనిషి పేరు ఉంది.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన కాలం అది. ఏలూరు పవర్‌పేటలో మెట్ల కింద ఖాళీ దొరికినా చాలు, ప్లైవుడ్ చెక్కలతో గదులు కట్టి ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు పెట్టేవారు, గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూస్తే లోపల ఎంతమంది ఉన్నారో తెలిసిపోయేది. అలాంటి ఒక సెంటర్‌లో నేను ఉద్యోగం చేసేవాణ్ణి. అంతకు ముందు డిగ్రీ అయ్యాక, పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వెళ్లి అక్కడొక ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్నాను. అక్కడి మాస్టారు మొదటి రోజే బోర్డు నిండా ఒక వెబ్ అడ్రసు రాసి, సుద్దముక్కతో అడ్డగీతలు గీసి ముక్కలు చేశారు. మొదటి ముక్క ఏ పద్ధతిలో మాట్లాడాలో చెబుతుంది, రెండోది ఏ యంత్రంతో మాట్లాడాలో చెబుతుంది, తర్వాతిది ఆ యంత్రంలోపల ఏ దారిన వెళ్లాలో చెబుతుంది. ఇక ప్రశ్నార్థకం తర్వాత వచ్చేది, అంత దూరం వెళ్లి తలుపు తట్టాక మనం అడగవలసిన మాట. ఆఖరి ముక్కను తేలికగా చూడకండర్రా అని ఆయన చెప్పే ఉంటారు. నేను రాసుకునే ఉంటాను. విన్న వాక్యం మనసులో నిలవడానికీ పుస్తకంలో నిలవడానికీ ఎంత తేడా ఉందో, అది ప్రసంగాల మధ్య పెరిగిన నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మా పెదనాన్నగారు ఏలూరులో పాస్టరు. పెదపాడు, గుండుగొలను, కలిదిండి వైపు ఊళ్లలో చిన్న చిన్న సంఘాలు ఆయన పర్యవేక్షణలోనే ఉండేవి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆ ఊళ్ల నుంచి వచ్చే మనవులను ఆయన పేరు పేరునా పైకి చదివేవారు. ఒక్కో పేరు చదివి ఆగితే సంఘమంతా చాపల మీద మోకాళ్లూని కాసేపు ఆ మనిషి కోసం ప్రార్థించేది. చిన్నప్పుడు జ్వరంతో ఇంట్లో పడుకున్న ఒక శుక్రవారం, గుడి మైకులో నా పేరు విని దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను కానీ, అంతమంది నోట మన పేరు దేవుడి ఎదుటికి వెళ్లడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మనవులు పంపడంలో మా సంఘానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరి మనవి అయినా వాళ్ల ఊరి సంఘం ద్వారానే రావాలి. ఏ ఊరి మనవుల్లోనైనా అందరికన్నా పెద్దవాళ్లది ముందు ఉండాలి. అది మర్యాద. నేను కుర్రతనపు ఉత్సాహంతో సంఘానికి ఒక వెబ్‌సైటు తయారుచేసి, ఊరికొక పేజీ పెట్టి, ఆ పద్ధతినే అందులోకి తీసుకొచ్చాను. గురువారం సాయంత్రం ప్రతి ఊళ్లోనూ టైపు తెలిసిన ఒక టీచరుగారు దగ్గరలోని సెంటరుకు వెళ్లి తమ ఊరి మనవులు ఎక్కించేవారు. అడ్రసులో ఊరి పేరు దారి భాగంలో ఉండేది, మనవి సంఖ్య మాత్రం ప్రశ్నార్థకం తర్వాత ఉండేది. శుక్రవారం పొద్దున నా ప్రోగ్రాం ఆ పేజీలన్నీ తిరిగి, దొరికిన ప్రతి అడ్రసునూ తెరిచి, మనవులన్నీ ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చేది.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో సర్వరు, వచ్చినవాళ్లను గుర్తుపట్టడం కోసం అడ్రసు చివర తనకు తోచిన అక్షరాలతో ఒక పొడుగాటి తోక తగిలించేది. వచ్చినప్పుడల్లా తోక మారేది. దాంతో ఒకటే మనవి రెండు మూడు అడ్రసులతో దొరికి, కాగితంలో రెండు మూడుసార్లు పడేది. పెదనాన్నగారు ఉన్నది ఉన్నట్టు చదివేవారు. కలిదిండి నుంచి ఒక మామ్మగారు మోకాళ్ల నొప్పుల కోసం ప్రతి వారమూ మనవి పంపేవారు, ఆ ఊళ్లో అందరికన్నా పెద్దావిడ కనక ఆవిడదే ముందు ఉండేది. ఒక శుక్రవారం ఆవిడ మోకాలు మూడోసారి చదివేసరికి వెనక నుంచి ఎవరో, "ఆవిడకి ఎన్ని మోకాళ్లండీ బాబూ," అన్నారు, చాపల మీద నవ్వులు పాకిపోయాయి. గుడిలో నవ్వులు పుట్టించినందుకు పెదనాన్నగారు నన్ను పిలిచి, దేవుడి దగ్గర ఒకే మాట వల్లించడం మంచిది కాదురా, సరిచెయ్యి అని మెత్తగానే చెప్పారు.

సరిచేశాను. ప్రశ్నార్థకం ఎక్కడుందో వెతికి అక్కడి నుంచి అంతా కోసెయ్యి, మిగిలిన అడ్రసు ఇదివరకే వచ్చి ఉంటే వదిలెయ్యి, ఇంతే నేను రాసింది. ఇదంతా చెత్త అని పక్క కుర్చీలో కూర్చున్న మా సెంటర్ ఓనరుగారితో అన్నాను కూడా. తోకతో పాటు మనవి సంఖ్య కూడా తెగిపోతుందన్న ఆలోచనే నాకు రాలేదు. అది తెగిపోయాక ఒక ఊరి మనవులన్నింటికీ మిగిలేది ఒకటే అడ్రసు. మొదటి మనవి ఒక్కటీ తీసుకుని, మిగతావన్నీ ఇదివరకే వచ్చినవని నా ప్రోగ్రాం వదిలేసింది. అచ్చయి వచ్చిన కాగితం చిన్నగా, శుభ్రంగా ఉంది. చూసి మురిసిపోయాను. శుక్రవారాలు సెంటరుకు సెలవు లేదు కనక, కాగితం గుడిలో ఇచ్చేసి పనిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

అంత పెద్ద తప్పు వారాల తరబడి ఎవరూ పట్టుకోలేదంటే మీకు వింతగా ఉండవచ్చు. మా సంఘంలో పాట పాడాలన్నా సాక్ష్యం చెప్పాలన్నా ఊరికొకరు లేవడం ఆనవాయితీ. మనవులూ ఊరికొకటే చదువుతుంటే, అందరికీ సమానంగా ఉండాలని పాస్టరుగారు కొత్త పద్ధతి పెట్టారనుకున్నారు జనం. పాస్టరుగారిని ఎందుకండీ అని అడిగే అలవాటు మా వైపు లేదు. పెదనాన్నగారేమో మనవులు తగ్గాయి, ప్రజల బాధలు తీరుతున్నాయి అని దేవుడికి స్తోత్రం చెల్లించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పిన్ని, బాబాయి మా ఇంట్లో ఉన్నారు. పిన్ని మా అమ్మకు చెల్లెలు, కలిదిండిలో ఉండేది. బాబాయి హిందువుల ఇంటి మనిషి, చేపల చెరువుల మీద పనిచేసేవాడు. పెళ్లయి అన్నేళ్లయినా బాప్తిస్మం తీసుకోలేదు, పిన్నిని గుడికి పోవద్దనీ అనలేదు. గుమ్మం దాకా దింపి, తాను మాత్రం బయట ఎక్కడో కూర్చునేవాడు. కడుపులో గడ్డ ఉందని, ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాలని చెప్పాక ఆ మనిషి మెత్తబడ్డాడు. మొదటి శుక్రవారం పిన్ని వెంట తనంతట తానే లోపలికి వచ్చి చిట్టచివరి చాప మీద కూర్చున్నాడని అమ్మ చెప్పినప్పుడు, మా ఇంట్లో అందరం వంటింట్లో నిలబడే దేవుడికి వందనాలు చెప్పుకున్నాం.

పిన్ని మనవి మా ఇంటి నుంచే పంపవచ్చు, నేనే ఎక్కించవచ్చు. కానీ పద్ధతి పద్ధతే కదా. వాళ్ల ఊరి టీచరుగారికి ఫోను చేసి చెప్పింది. ఆయన ప్రతి వారమూ మామ్మగారి మోకాళ్ల కింద బాబాయి పేరు శ్రద్ధగా ఎక్కించారు. ప్రతి వారమూ నా ప్రోగ్రాం ఆ పేరును వదిలేసింది. బాబాయి అక్కడ కూర్చుని విన్నాడు. పెదపాడు వాళ్లెవరిదో చదివారు, గుండుగొలను వాళ్లెవరిదో చదివారు, కలిదిండి అనగానే ఆయన నిటారుగా కూర్చునేవాడట. మోకాళ్ల నొప్పులు అని వినగానే తల వంచుకునేవాడట. బాప్తిస్మం లేనివాడి పేరు బావగారు చదవరు కాబోలు అని పిన్ని అనుకుంది. అక్కకు బావగారు, పైగా పాస్టరుగారు, ఆయన ఎదుట నిలబడి ఇదేమిటండీ అని ఎలా అడుగుతుంది. మా అమ్మకు కూడా చెప్పుకోలేదు, తన వల్ల అక్కకు అత్తవారింట్లో మాట వస్తుందేమోనని.

ఆపరేషన్‌కు ముందు వచ్చిన శుక్రవారం పొద్దున పిన్ని తయారై గుమ్మంలో నిలబడితే బాబాయి అరుగు మీద నుంచి లేవలేదు. నేను కాగితం చేత పట్టుకుని బయల్దేరుతూ, రావడం లేదా బాబాయ్ అని అడిగాను.

"మీ పిన్ని వెళ్తుందిలే నాయనా. ఆ మామ్మగారి మోకాళ్లు తగ్గనీ, అప్పుడు చూద్దాం. వరసలో ఆవిడ ముందుంది కదా," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. వీధి చివరికి వెళ్లాక ఆ నవ్వు ఆగిపోయింది. చేతిలోని కాగితం చూశాను, కలిదిండి కింద మోకాళ్లు తప్ప ఏమీ లేవు. సెంటరుకు పరుగెత్తి ఆ ఊరి పేజీ తెరిచి చూస్తే వరసగా మనవులున్నాయి, రెండోది బాబాయిది. వెనకటి వారాలవీ చూశాను. అన్నింటిలోనూ ఉన్నాడు. మిగతా ఊళ్లలో ఇంకా ఎందరో, కాన్పుకు వెళ్లినవాళ్లు, చెరువులు పోయి పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు, అందరూ ప్రశ్నార్థకానికి అవతల నిలబడిపోయి ఉన్నారు.

వదిలేసిన మనవులన్నీ అచ్చువేసుకుని, ప్రార్థన మధ్యలోనే వెళ్లి పెదనాన్నగారి చెవిలో చెప్పాను. ఆయన మైకు దించి, జరిగింది సంఘమంతటికీ చెప్పమన్నారు, చెప్పాను. వదిలేసిన పేర్లన్నీ ఆ రోజు చదివారు. బాబాయి పేరు వచ్చినప్పుడు జనం గుడి కప్పు ఎగిరిపోయేలా ప్రార్థించారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చిట్టచివరి చాప మీద మాత్రం ఎవరూ లేరు.

ఇంటికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మిషను తప్పు కాదు బాబాయ్, నాదే తప్పు అన్నాను. ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"పోన్లే నాయనా, చదివారుగా," అన్నాడు. "కాకపోతే, వాళ్లంతట వాళ్లు పిలుస్తారేమోనని కూర్చున్నాను. అడిగి పిలిపించుకుంటే ఇంక అందులో ఏముంది," అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, నా పెళ్లికి చేపలు ఆయనే తెచ్చాడు. మోకాళ్ల మామ్మగారి మీద హాస్యాలాడేవాడు, నన్ను ఒక్క మాట అనలేదు. గుడి లోపలికి మాత్రం మళ్లీ రాలేదు. ఎప్పటిలాగే పిన్నిని దింపి, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. దేవుడికి ఆయన పేరు మొదటి వారమే వినపడిందిరా, వినవలసిన మనిషే వినలేదు అన్నారు పెదనాన్నగారు ఒకసారి. నన్ను ఓదార్చాలనే అన్నారు.

ప్రోగ్రాం ఆ వారమే సరిచేశాను. ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని జాగ్రత్తగా ముక్కలు చేసి, తోకను మాత్రమే తీసి, సంఖ్యను ఉంచడానికి పట్టింది కొద్దిపాటి పనే. అంత చిన్న పని కావడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

రెండేళ్ల క్రితం బాబాయి పోయాడు. వాళ్లవాళ్లు వాళ్ల పద్ధతిలో దహనం చేశారు. మా సమాధుల తోటలో పిన్ని కోసం ఉంచుకున్న చోటు పక్క చోటు ఖాళీగానే ఉంది. ఆ రోజు నేను పక్కన కూర్చుంటే పిన్నే నా చెయ్యి పట్టుకుని, "బయట నా కోసం కూర్చోవడం ఆయనకి అలవాటేలే నాన్నా," అంది.

ఇప్పుడు మా సంఘంలో మనవులు కాగితం మీద రావు. వాట్సాప్ గుంపులో వచ్చి పడతాయి, నిమిషంలో వాటి కింద జోడించిన చేతుల బొమ్మలు వరసకడతాయి. ఏ పేరూ తప్పిపోదు, పైకి చదివేవారూ లేరు. శుక్రవారం గుడికి వచ్చేవాళ్లం కూడా కొద్దిమందిమే. వెళ్లినప్పుడల్లా చిట్టచివరి చాప మీద కూర్చుంటాను. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మా బోధలో లేదు, ఆ బోధను నేను నమ్మినవాణ్ణి. అందుకే మనసులో కలిదిండి వాళ్ల కోసం ప్రార్థించేటప్పుడు బాబాయి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పిన్ని పేరు చెప్పి కళ్లు మూసుకుంటాను.