తాతబ్బాయి మంచు

భిలాయిలో కంటికి ఏది ఆనకపోయినా ప్లాంటు పొగను తిట్టడం అందరికీ అలవాటే. సెక్టర్ 4లో మా పక్క క్వార్టర్ తాతబ్బాయి మాత్రం ఈ విషయంలో అందరినీ మించిపోయాడు. పాతికేళ్లుగా ఆయన ప్లాంటు లోపల రైలింజను నడుపుతున్నాడు. కరిగిన ఇనుము నింపిన పెద్ద గంగాళాల్లాంటి లేడిళ్లను ఫర్నేసు దగ్గర్నుంచి ఉక్కు చేసే షాపుకు లాక్కెళ్లాలి. ఇంజనుకు ముందు, పట్టాల పక్కన నిలబడి జెండా ఊపేవాడు పాయింట్స్‌మన్ యుగంధర్. ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

1999 జనవరి నుంచి తాతబ్బాయికి రోజూ మంచే.

"ఈ యేడు మంచు వొదల్లేదేటిరా!" అనేవాడు. ఏప్రిల్ ఎండలకు రోడ్డు మీద తారు కరుగుతున్నా ఆయన మంచు కరగలేదు. మంచు కాదంటే పొగ, పొగ కాదంటే దుమ్ము. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత అందరికీ నోటిదాకా వచ్చేది కానీ, కోపం ముక్కు మీదుండే మనిషితో ఎవరంటారు?

వచ్చే సోమవారం డ్రైవర్లకు కళ్ల పరీక్ష. తప్పితే ఇంజను దిగిపోవాలి. దిగితే ఇక తానో మనిషే కాదని ఆయన లెక్క. అందుకే కిందటిసారి చార్టులో చూసిన అక్షరాలన్నీ స్నానం చేస్తూ కూడా వల్లె వేస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు మేఘన కంప్యూటర్ ముందు కూర్చుంది. కోర్సు కోసమని కొన్న పాత కంప్యూటరది. చదువు తక్కువ, ఆట ఎక్కువ. ఆటలో ఒక ఊరు. జీపు వేసుకుని ఎటు కావాలంటే అటు పోవచ్చు. పొద్దు పొడుస్తుంది, వాన కురుస్తుంది, సాయంత్రమైతే వీధి దీపాలు వెలుగుతాయి. దూరంగా ఉన్నవన్నీ మంచులో దాగి, దగ్గరకెళ్తే బయటపడతాయి.

"దూరం బిల్డింగులు కూడా చూపించాలంటే ఈ డబ్బాకి తాకత్ చాలదు నాన్నా. అందుకే మంచు అడ్డం పెడతారు" అంది మేఘన.

తాతబ్బాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆటలో చీకటి పడింది.

"ఎవుడు గీసినాడో గానీ బాగా గీసినాడే! దీపం సుట్టూ రంగుల రింగు కూడా ఎట్టినాడు. మా యార్డులో అచ్చం ఇలాగే ఉంటాది."

మేఘన చెయ్యి ఆగింది. "రింగేంటి నాన్నా? ఉత్త దీపమే కదా."

"సరిగా సూడవే."

ఆమె కీబోర్డు మీద రెండు మీటలు నొక్కింది. ఆటలో మళ్లీ పగలు తెప్పించింది. మంచు మొత్తం తీసేసింది. "ఇప్పుడు రోడ్డు చివర ఏముందో చెప్పు."

"ముందల ఆ మంచు తియ్యి. అప్పుడు సెప్తాను."

"తీసేశాను నాన్నా. పూరా సాఫ్. చివర ఎర్ర లారీ ఉంది."

తాతబ్బాయి తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. అప్పుడు కనిపించింది లారీ. ఆయనకు యార్డు గుర్తొచ్చింది. రోజూ తన వెనకాల ఇనుము సలసల మరుగుతూ వస్తోంది, ముందేమో యుగంధర్ నడుస్తున్నాడు.

సోమవారం డాక్టరు ముందు మొదటి వరుస గడగడా అప్పజెప్పి, రెండో వరుసలో ఆగిపోయాడు.

"ఇయ్యి సదివినవి కావు బాబూ, బట్టీ పట్టినవి. నాకు ఆ అచ్చరాలు అగుపడ్డం లేదు."

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇంజను ఎక్కకూడదని డాక్టరు ఆ రోజే రాసిచ్చేశాడు.

సాయంత్రం యుగంధర్ ఇంటికొచ్చాడు. తాతబ్బాయి తలెత్తలేదు.

"నీ పేనాలతో ఆడుకున్నాన్రా. తెలీక సేసినాను."

"నాకు తెలుసు బాబాయ్. జెండా ఊపితే బండి ఎప్పుడూ లేటుగానే ఆగేది."

"మరి సెప్పలేదేటిరా?"

"చెప్తే నిన్ను ఇంజను దింపేస్తారు కదా అని. అందుకే రెండు నెలల నుంచి పక్కన నిలబడ్డం మానేశాను. పట్టాల మధ్యలో అయితే నీకు కనబడతానని."